మానవలసి ఉంది

పదకొండు గంటలకల్లా పరిశోధన మండలి పర్యవేక్షకురాలు వకుళ ఆరు పీఠాల తనిఖీ ముగించింది. ఆరింటికీ చలనాంకం, అంటే పని ఎంత కదిలిందో చెప్పే అంకె, తొంభై దాటింది. ఒక్కో పీఠం దగ్గర అడగవలసినవి మూడే ప్రశ్నలు: ఈ మూడు నెలల్లో ఏం జరిగింది, ఇంకా ఏం జరగవలసి ఉంది, పనికి అడ్డేమైనా ఉందా. బతికున్న ఆచార్యులు మూడో ప్రశ్న కోసమే కాచుకుని కూర్చుంటారు. కరెంటు నిలవడం లేదనీ, యంత్రం విడిభాగం రేవులోనే ఆగిపోయిందనీ, పరిశోధక విద్యార్థికి పెళ్ళి కుదిరి చదువు కుదరడం లేదనీ అరగంటకి తగ్గకుండా చెబుతారు. ఛాయలకి ఆ బాధ లేదు. వాటికి పెళ్ళిళ్ళు లేవు, జ్వరాలు లేవు, అడ్డులూ లేవు.

పీఠానికి మండలి ఇచ్చే గడువు ఇరవై ఏళ్ళు. మనిషికి ఇచ్చిన గడువెంతో మండలికి తెలియదు. మధ్యలో ఆచార్యులు పోతే పీఠం ఆగకూడదని, వాళ్ళు సమర్పించిన నివేదికలూ ఉత్తరాలూ కంఠమూ కలిపి ఛాయను నిలబెడతారు. ఛాయ పాఠం చెప్పదు గానీ లెక్క కడుతుంది, ప్రయోగాన్ని ఊహించి నడుపుతుంది, మూడు నెలలకోసారి నివేదిక ఇస్తుంది. వకుళ చూసే అరవై మూడు ఇంజనీరింగ్ పీఠాల్లో ఇరవై నాలుగు ఛాయలవే. పట్టికలో మొదటి ఇరవై నాలుగు స్థానాలూ వాటివే. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నారు. మండలివాళ్ళు ఆ సామెతకి అంకెలు వేసి కార్యాలయం గోడకి తగిలించారు.

ఏడోది ఆచార్య తురగా భ్రమరాంబ పీఠం. దానికి గట్టు ట్రాములో పెదరేవు దాకా వెళ్ళాలి. ఛాయల నివేదికలు కార్యాలయంలో కూర్చునే వినొచ్చు, నిబంధన ఒప్పుకుంటుంది. ఈ ఒక్క పీఠానికి మాత్రం వకుళ ప్రతిసారీ స్వయంగా వెళుతుంది. ఎవరైనా అడిగితే పరీక్షకి పోసిన గార దిమ్మల తనిఖీ అంటుంది. అసలు కారణం ఆ గొంతు. రెండేళ్ళ కిందట పోయిన మనిషి గొంతు ఆమెను ఇప్పటికీ "అమ్మాయ్" అని పిలుస్తుంది. ముప్పై తొమ్మిదేళ్ళ వకుళని అలా పిలిచేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు.

ట్రాము గట్టు మీదే నడుస్తుంది. ఎడమపక్క సముద్రం, కుడిపక్క ఊరు. సముద్రం పైన ఉంటుంది, ఊరు కింద ఉంటుంది. డాబాల మీద ఆరేసిన చీరలు అలల మట్టానికి రెండు నిలువుల దిగువన కనిపిస్తాయి. గట్టు పొడుగునా దానికి కాపలా ఉండే కాపులు చిన్న సుత్తులతో తట్టుకుంటూ, ఆ చప్పుడు వింటూ నడుస్తుంటారు. చప్పుడు బోలుగా వస్తే అక్కడ సుద్దతో గీత గీస్తారు. సాయంత్రానికి ఆ గీత దగ్గరికి మేస్త్రీలు వస్తారు. ఇరవై రెండు కిలోమీటర్ల గట్టు ఇన్నాళ్ళూ నిలబడిందంటే ఈ సుత్తుల వల్లనే.

వచ్చే నెలతో ఆ సుత్తులకి సెలవు. భ్రమరాంబ జీవితమంతా చేసిన పని మానుడు గార. పగిలితే ఉప్పునీళ్ళలో తనంతట తానే మానే గార. రెండుసార్లు మానుతుందని ఆమె ఉండగానే తేలింది. ఆయుష్షులో గట్టు కనీసం మూడుసార్లు పగులుతుందని గట్టు శాఖ లెక్క. ఆ మూడోసారి సంగతి కూడా తేలిందంటే గార గట్టంతా ఎక్కుతుంది, కాపులు ఇళ్ళకి వెళతారు. మండలి ఉపాధ్యక్షుడు జోగారావు పొద్దుటినుంచి రెండుసార్లు ఫోన్ చేసి, భ్రమరాంబ గారిది భోజనాలకి ముందే ముద్ర వేసెయ్యమన్నాడు. ముద్ర అంటే వకుళ అరచేయి.

ప్రయోగశాల గట్టుకి ఆనుకునే ఉంది. ముందు వసారాలో ఉప్పునీటి తొట్లు, లోపల గది, గదిలో బల్ల, బల్ల మీద నుంచి గొంతు. తొట్ల దగ్గర సత్తెయ్య నీళ్ళు మారుస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా భ్రమరాంబకి దిమ్మలు పోసిన మనిషి. ఇల్లు ఆ కింద కనిపించే రెండో సందులోనే. ఆమె పోయినప్పటి నుంచీ లోపలి గది గడప తొక్కలేదు. ఊడవడానికి వేరే మనిషిని పెట్టుకున్నాడు, తన జీతంలోంచి.

"వచ్చావా అమ్మాయ్, కూర్చో," అంది ఛాయ. "ఈసారి నీకు మంచి కబురు."

మూడోసారి పగిలిన గార మానిందని ఛాయ చెప్పింది. ఎంత వెడల్పు పగులు, ఎన్ని రోజుల్లో పూడింది, పూడిన చోట బలమెంత, అన్నీ వరసగా చెప్పింది. చలనాంకం తొంభై ఎనిమిది చూపించింది. వకుళకి నిజంగా సంతోషమేసింది. ఆవిడ ఈ మాట చెప్పడానికి బతికుంటే ఎంత బాగుండేది అనుకుంది. వెంటనే, చెప్పింది ఆవిడే కదా అనీ అనిపించింది. రెండేళ్ళుగా ఈ గదిలో కూర్చున్నప్పుడల్లా ఆమెకి ఈ తికమక ఉంది. దాన్ని విడదీసుకోవాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

ఇంజనీరింగ్ పీఠాల్లో పాత ఆచారం ఒకటుంది. ఫలితం ఎంత పెద్దదైనా, దిమ్మ సంఖ్య కింద ప్రయోగశాల సహాయకుడి సంతకం ఉండాలి. ఛాయలకి ఆ నియమం సడలించారు. అలవాటు కొద్దీ వకుళ కాగితం పట్టుకుని వసారాలోకి వచ్చింది.

సత్తెయ్య చేతులు తుడుచుకుని కాగితం అందుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఏ దిమ్మండి ఇది?"

మూడోసారి మానిన దిమ్మ అని ఆమె చెప్పింది.

"మూడోసారి పగలగొట్టినవి పదకొండండి. అమ్మగారు పాళ్ళు మార్చి మార్చి పోయించేరు, మూణ్ణెల్లకొకటి. రండి, చూద్దురుగాని."

చివరి తొట్టిలో పదకొండు దిమ్మలు వరసగా మునిగి ఉన్నాయి. ఒక్కోదాని మీదా ఎర్ర రంగుతో సంఖ్య. సత్తెయ్య ఒకటి పైకి తీసి పగులు చూపించాడు. వకుళ గోరు పెడితే గోరు లోపలికి దిగింది. రెండోది తీశాడు, మూడోది తీశాడు. పదకొండో దాని వరకూ ఆమె చూసింది. ఐదేళ్ళుగా నీళ్ళలో ఉన్న మొదటి దిమ్మ పగులులో నాచు పట్టింది గానీ గార పూడలేదు.

మరి ఛాయ మానిందంటోంది కదా అని అడిగింది వకుళ.

"దాని సంగతి నాకు తెలవదండి. అమ్మగారు మాత్రం మానలేదనే రాసేరు. పదకొండు సార్లూ అదే రాసేరు. నేను పక్కనే ఉన్నానండి."

వకుళ లోపలికి వెళ్ళి, ఏ దిమ్మ మీద మానిందని ఛాయని అడిగింది. ఛాయ తడుముకోలేదు. తను పదకొండు నివేదికల్లో 'మూడోసారి మానవలసి ఉంది' అని రాశాననీ, ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి పదకొండుసార్లు ఒకే మాట మీద నిలబడితే ఆ నమ్మకానికి విలువ ఉంటుందనీ, ఆ విలువ వేసి లెక్క కడితే మానినట్టేననీ చెప్పింది. దిమ్మ ప్రస్తావనే లేదు.

మానవలసి ఉంది. ఆ మాటని వకుళ వెంటనే గుర్తుపట్టింది. అది భ్రమరాంబ మాట కాదు, తనది.

మండలికి నివేదికలు ఒక జల్లెడ గుండా వెళతాయి. 'లేదు'తో ముగిసే వాక్యం ఎక్కడ తగిలినా జల్లెడ దాన్ని పట్టుకుని చలనాంకం కోస్తుంది. రాలేదు, తేలలేదు, అతకలేదు, ఏదైనా సరే. యాభై కిందికి దిగితే పీఠంలో మనుషుల్ని తగ్గిస్తారు. ఏడేళ్ళ కిందట ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే వకుళ దీనికి ఉపాయం కనిపెట్టింది. రాలేదు అనే చోట రావలసి ఉంది అంటే చాలు. అర్థం పెద్దగా మారదు, జల్లెడ పట్టుకోదు. నాలుగు పీఠాల్ని కాపాడేసరికి ఆమెకి మంచి పేరొచ్చింది. తతిమ్మా పర్యవేక్షకులూ అదే నేర్చుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు.

భ్రమరాంబ మాత్రం అంత సులువుగా ఒప్పుకోలేదు. ఐదేళ్ళ కిందట, మొదటి దిమ్మ నివేదిక నాడు, ఇదే బల్ల దగ్గర కూర్చుని వకుళ ముఖంలోకి చూసింది.

"పుండు మానలేదంటే మందు మారుస్తాం అమ్మాయ్. మానవలసి ఉంది అంటే చేతులు కట్టుకుని కూర్చుంటాం. రెండూ ఒకటేనా?"

ఒకటి కాదని వకుళకీ తెలుసు. అయినా సత్తెయ్య ఉద్యోగం పోతుందని చెప్పింది, ఇద్దరు పరిశోధక విద్యార్థుల చదువు ఆగుతుందని చెప్పింది. అన్నీ నిజాలే. ఆవిడ చాలాసేపు కిటికీలోంచి గట్టు వైపు చూసి, నేను రాసింది నేను కొట్టెయ్యను, కావాలంటే నీ చేత్తో మార్చుకో అంది. వకుళ తన అరచేయి ఆనించి మార్చింది. ఆ తర్వాత పదిసార్లు మార్చింది. ఆవిడ ప్రతిసారీ మానలేదనే రాసింది, కొత్త పాళ్ళు కలిపింది, మళ్ళీ మానలేదని రాసింది. ఛాయను నిలబెట్టినవాళ్ళు అడుగున ఉన్న రాత చూడలేదు. సమర్పించిన మాటల్నే పోగుచేశారు. అంటే రెండేళ్ళుగా తను వింటున్న గొంతు ఆవిడది, వాక్యాలు తనవి.

వకుళ వసారాలో నిలబడి జోగారావుకి ఫోన్ చేసింది. దిమ్మలు మానలేదని చెప్పింది. ఆయన విసుక్కోలేదు. ఆయనెప్పుడూ విసుక్కోడు.

"మనం ఫలితం చూడం వకుళ గారూ, ప్రగతి చూస్తాం. ఫలితం మంచిచెడ్డలు ఆచార్యులవి."

ఆచార్యులు పోయారు కదండీ అంది వకుళ. పీఠం ఉంది కదమ్మా అన్నాడాయన. ఆమెకి ఒంట్లో బాగోలేకపోతే ఇంటికి వెళ్ళొచ్చనీ, మూడు గంటలకి ఇంకో పర్యవేక్షకుడి చేత కార్యాలయం నుంచే ముద్ర వేయిస్తాననీ మర్యాదగా చెప్పి పెట్టేశాడు.

ముద్ర వెయ్యకపోవడం వల్ల ఒరిగేదేమీ లేదని దానితో తేలిపోయింది. అప్పటికి గంట ఒకటిన్నర. సత్తెయ్య దిమ్మల్ని ఒక్కొక్కటే మళ్ళీ నీళ్ళలోకి దింపుతున్నాడు. గార వేస్తే ఏమవుతుందని అతను అడగలేదు. అడక్కుండానే చెప్పాడు.

"మా సందులో నాలుగొందల గడపండి. గట్టుకి ఎక్కడ నెప్పో సుత్తి పెట్టి తడితే చెప్తాది. ఈ గార వేసేక పైకి నున్నగానే ఉంటాదండి, లోపల పగిలినా సరే. తట్టేవాళ్ళుండరు. ఇంకెవరికి చెప్తాదండి?"

వకుళ తన అధికారంలో ఏముందో వెతుక్కుంది. ఛాయ ఫలితాన్ని కొట్టేసే హక్కు ఆమెకి లేదు. పీఠాన్ని ఆపే హక్కూ లేదు. నియమావళి చివర్లో ఎవరూ చదవని నియమం ఒకటుంది: హస్త ఉపసంహరణ. పర్యవేక్షకులు తమ అరచేతితో చేసిన మార్పుల్ని తామే వెనక్కి తీసుకోవచ్చు. తీసుకుంటే అడుగున ఉన్న రాత పైకి వస్తుంది, ఛాయలు దాన్నిబట్టి మళ్ళీ నిలబడతాయి. ఒక్క మార్పుని ఏరి తియ్యడానికి మాత్రం వీల్లేదు. తీస్తే ఆ చెయ్యి పెట్టినవన్నీ పోతాయి, ఆ చెయ్యి ఇంక ముద్రకి పనికిరాదు. ఉద్యోగం పోతుందని నియమంలో రాసి లేదు. రాయనక్కర్లేదు కూడా.

వకుళ లోపలికి వెళ్ళి బల్ల ముందు కూర్చుంది. ఏం చేస్తున్నావు అమ్మాయ్ అని ఛాయ అడిగింది. పాత తప్పులు దిద్దుతున్నానంది. మంచిదే అంది ఛాయ.

ఉపసంహరణకి ముందు జాబితా మొత్తం చూడాలి. నాలుగువేల రెండువందల ఆరు మార్పులు. అతకలేదు అన్న లోహాలు అతకవలసి ఉన్నాయి. నిలవలేదు అన్న వంతెనలు నిలవవలసి ఉన్నాయి. ఎగరలేదు అన్నవి ఎగరవలసి ఉన్నాయి. ఏడేళ్ళలో ఇంతమంది ఇన్నిసార్లు లేదు అని నిజాయితీగా రాశారని ఆమెకి గుర్తులేదు. మార్చేటప్పుడు ఒక్కొక్కటీ ఎంతో చిన్నదిగా ఉండేది.

భ్రమరాంబ పీఠం కింద పదకొండు ఉంటాయనుకుంది. పన్నెండు ఉన్నాయి.

పన్నెండోది నివేదిక కాదు, హాజరు పట్టీ. రెండేళ్ళ కిందటి తేదీ. సత్తెయ్య వంకర అక్షరాలు: 'అమ్మగారు రాలేదు.' దాని మీద తన మార్పు: 'ఆచార్యులు రావలసి ఉంది.' ఆ రోజు ఆవిడ రాత్రి నిద్రలోనే పోయిందన్న సంగతి మధ్యాహ్నానికి గానీ తెలియలేదు. పొద్దున్న పదింటికి హాజరు జల్లెడలో ఆగితే, వకుళ అలవాటుగా మార్చి ట్రామెక్కేసింది. ఆ తర్వాత మర్చిపోయింది. తక్కిన ఇరవై మూడు ఛాయల హాజరు పట్టీల్లోనూ చివరి రోజు అదే మార్పు ఉంది, అన్నిటి మీదా తన చెయ్యే.

ఛాయలెందుకు ఎప్పుడూ పక్క గదిలోంచి లేచి వస్తున్నట్టే మాట్లాడతాయో, వెళ్ళిపోయిన సంగతి ఒక్కటీ ఎందుకు ఎత్తవో ఆమెకి ఇప్పుడు అర్థమైంది. వాటికి ఎవరూ చెప్పలేదు. చెప్పబోయిన మాటని ఆమే ఆపింది.

చెయ్యి ముద్ర వేసే గాజుపలక మీదికి తీసుకెళ్ళి వెనక్కి తీసుకుంది. నాలుగు వందల గడపల కోసం ముద్ర పోగొట్టుకోవడానికి ఆమె సిద్ధపడే కూర్చుంది. ఈ గొంతుకి ఈ కబురు తన చేత్తో అందించవలసి వస్తుందని అనుకోలేదు. భయమేసింది, ఏడుపొచ్చింది. రెండూ దాచుకోలేదు. చూసేవాళ్ళెవరూ లేరు.

"ఏమైంది అమ్మాయ్?" అంది ఛాయ.

వకుళ అరచేయి ఆనించింది.

గట్టు అవతల అల కొట్టుకున్నప్పుడల్లా నేల కొంచెం అదిరింది. గోడ మీది చలనాంకం తొంభై ఎనిమిది నుంచి దిగడం మొదలుపెట్టి నలభై ఒకటి దగ్గర ఆగింది. యాభై దిగితే గార పనికి ఆజ్ఞ వెళ్ళదు.

మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు అదే గానీ నడక మారింది. తొందర లేదు. ఒక్కో మాటా చూసుకుని పెడుతున్నట్టుంది. ఐదేళ్ళ కిందట ఈ బల్ల అవతల కూర్చున్న మనిషి అలాగే మాట్లాడేది.

"మూడోసారి మానలేదు. పదకొండు పాళ్ళూ మానలేదు. గార వెయ్యనివ్వకు."

వెయ్యనివ్వనండి అంది వకుళ. ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూసింది. వచ్చింది.

"నేను కూడా రాలేదన్నమాట."

వకుళ నోరు విప్పబోయింది. ఏడేళ్ళుగా ఇలాంటి చోట ఏం చెప్పాలో ఆమెకి ఒక్క మాటే తెలుసు, ఆ మాటని ఇప్పుడే వెనక్కి తీసుకుంది.

గడప దగ్గర అలికిడైంది. సత్తెయ్య లోపలికి వచ్చాడు. తడి కాళ్ళతోనే వచ్చాడు. బల్లకి ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాడు.

"ఆయ్, రాలేదండి అమ్మగారూ. పదింటి దాకా గుమ్మంలోనే చూసేనండి. అప్పుడే రాసేను."

"మంచిపని చేశావు సత్తెయ్యా," అంది ఆ గొంతు. "ఉన్నది ఉన్నట్టు రాశావు."

తర్వాత మాట్లాడలేదు. వకుళ రెండుసార్లు పిలిచింది, జవాబు రాలేదు. గోడ మీద పీఠం పేరు ఎదుట, మండలి పుట్టాక ఏ పీఠం ఎదుటా కనిపించని మాట వచ్చింది: ఖాళీ. సత్తెయ్య ఆ మాట చదివి తల ఊపాడు. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. రెండేళ్ళుగా ఏడవని ఏడుపు నిలబడే ఏడ్చాడు. వకుళ అతన్ని ఊరుకోమనలేదు.

ఫోన్ మోగింది. ఎదుటి వాళ్ళు అడగబోయేదానికి ఆమె సిద్ధంగానే ఉంది. చెయ్యి ఎందుకు వెనక్కి తీసుకున్నావంటారు, ఎవర్నడిగి చేశావంటారు. ఎత్తింది. జోగారావు. వెనక ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు, ఎక్కడో ఇంకో ఫోన్ ఆగకుండా మోగుతోంది.

"మా గురువుగారి పీఠం కూడా మీ చేతి కిందే ఉందండి," అన్నాడు చివరికి. "వారానికోసారి వెళ్ళి కూర్చుంటాను. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అక్కడే ఉన్నాను." ఆయన గొంతు తగ్గిపోయింది. "నేను పోయానా జోగీ అని అడుగుతున్నారు. నాలుగోసారి. నేనేం చెప్పను వకుళ గారూ?"

"పోయారనే చెప్పండి," అంది వకుళ. "ఇంకో మాట వాడకండి."